గరువు, పల్లము, బీల: కళింగాంధ్ర సాహిత్య విమర్శలో భూమిపదముల స్థానము

కళింగాంధ్ర రచయితల కథలను గూర్చి వ్రాయునపుడు విమర్శకులు తరచుగా ఒక ప్రశంస చేయుదురు. ఈ కథలలో మాండలికపు సొగసు కలదనియు, ప్రాంతీయ పరిమళము గుబాళించుచున్నదనియు వారందురు. ఈ ప్రశంసలో కొంత తిరస్కారము దాగియున్నదని మా యభిప్రాయము. సొగసు, పరిమళము అన్నవి వస్తువునకు పైపూతలు. వానిని తీసివేసినను వస్తువు నిలుచునను విశ్వాసము ఆ మాటలలో ఇమిడియున్నది. గరువు, పల్లము, గెడ్డ, బంద, తంపర, బీల, చోడి, గంటె, ఉభాలు మున్నగు మాటలు నిజముగా పైపూతలేనా? లేక నిలకడలేని వానను ఎదుర్కొనుటకు ఆ ప్రాంతపు ప్రజలు తరతరములుగా కూర్చుకొనిన జ్ఞానమునకు అవి రూపములా? ఈ వ్యాసమున మేము రెండవ పక్షమును సమర్థింపదలచితిమి. ఋతువులు గతి తప్పుచున్న ఈ కాలమున ఈ ప్రశ్నకు అదనపు ప్రయోజనము కలిగినది. ఒక భూమిపదమునకు అర్థమేమి అను వివాదము మనుష్యుల ప్రాణములమీదికి వచ్చిన సందర్భము ఈ మండలముననే కలదు. దానిని ముందు చూపెదము.

ఈ వ్యాసమున కళింగాంధ్రమనగా శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములు. పాలనాపటమున ఈ జిల్లాల పేర్లు ఇటీవలివి. శ్రీకాకుళము 1936 వరకు గంజాము జిల్లాలోనిది. పిదప విశాఖపట్టణము జిల్లాలో చేరి, 1950లో ప్రత్యేక జిల్లా అయినది. విజయనగరము జిల్లా 1979లో ఏర్పడినది. 2022లో ఈ రెండింటి కొండప్రాంతమును ప్రధానముగా చేర్చి పార్వతీపురము మన్యము జిల్లాను ఏర్పరచినారు. జిల్లాల గీతలు ఇట్లు మారినను నేల వాలు మారలేదు. పడమట తూర్పుకనుమలు, తూర్పున సముద్రము. నడుమ దూరము స్వల్పము. నాగావళి, వంశధార రెండును ఒడిశా కొండలలో పుట్టి, ఒక్కొక్కటి సుమారు 250 కిలోమీటర్లు ప్రవహించి కడలిని చేరుచున్నవి. సువర్ణముఖి, వేగవతి నాగావళిలో కలియును. చంపావతి, గోస్తనీ నదులు వేరుగా సముద్రమును చేరును. కృష్ణా గోదావరులకున్నంత విశాలమైన డెల్టా వీనిలో దేనికిని లేదు. కొండమీద కురిసిన వాన త్వరగా దిగును, త్వరగా పోవును. వరదయు, ఎద్దడియు ఒకే ఏట ఒకే ఊరిని పలుకరించుట ఇచ్చట వింత కాదు.

కావున ఇచ్చటి సేద్యమంతయు పారిపోవు నీటిని ఎక్కడనైన నిలుపుట, నిలుపలేనిచోట తక్కువ నీటితో పండు పంటను వేయుట అను రెండు పనులపై ఆధారపడినది. భాష ఈ సంగతిని చక్కగా పట్టిచూపును. కొండనుండి దిగు చిన్న ప్రవాహము గెడ్డ. పెద్దగెడ్డ, వట్టిగెడ్డ అను పేర్లు నేటి జలాశయములకును నిలిచియున్నవి. గెడ్డనీరు చెరువును చేరును. చెరువుకన్న చిన్నదియు, ఊరికి దగ్గరిదియునైన నీటితావు బంద. చెరువునుండి పొలమునకు నీరు వదలు తూము మదుము. నీరెక్కని మెరకనేల గరువు. నీరు నిలుచు నేల పల్లము. తీరమునకు చేరువగా వాననీరు, గెడ్డనీరు కలిసి ఏడాదిలో చాలకాలము తడిగానుండు లోతట్టు నేలలు తంపర, బీల.

ఈ మాటలను వరుసగా పేర్చి చూచినచో ఒక నిచ్చెన కనబడును. దాని పైమెట్టు గరువు, అడుగుమెట్టు బీల. ప్రతి మెట్టునకును తగిన పంట, తగిన తిండి కలదు. గరువుమీద చోడి, గంటె, నువ్వు, ఉలవ, గోగు, పల్లమున వరి, బీలయందు వరితోపాటు చేప, తుంగ, పశువులకు గడ్డి. వాన తగ్గిన ఏట పైమెట్టున వేసిన చోడి ఎంతోకొంత చేతికి వచ్చును; పల్లమున నీరు చాలక వరి దెబ్బతిన్నను ఇంట అంబలి ఉండును. వాన మించిన ఏట పల్లము మునిగినను గరువు నిలుచును. వేసవిలో రెండును ఎండినపుడు బీల పశువులను కాపాడును. ఒక ఊరికి ఈ మెట్లన్నియు అందుబాటులో నున్నంతకాలము ఒక్క విపత్తు అన్ని ఇండ్ల పొయ్యిలను ఒక్కసారి ఆర్పజాలదు. నేడు శాస్త్రజ్ఞులు వాతావరణమార్పును తట్టుకొను సేద్యమని పెద్దపేరుతో చెప్పుచున్న దానిలో ముఖ్యమైన సూత్రమిదియే. ఆ సూత్రము ఏ గ్రంథముననో గాక ఈ అయిదారు మాటల నడుమనున్న భేదమున నిలిచియున్నది.

ఈ మాటలను మన నిఘంటువులు ఎట్లు చూచినవి? బ్రౌను నిఘంటువు 1852లో వెలువడినది. వాడుకమాటకు ఆయన తలుపు మూయలేదు. 1885 నాటి శబ్దరత్నాకరమునకును, 1936లో తొలి సంపుటము వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువునకును ప్రధానమైన ఆధారము కావ్యప్రయోగము. కావ్యమున కెక్కని మాటకు ఆ కోశములలో స్థానము దొరకుట కష్టము. మన ప్రబంధములలో నగరవర్ణనలు, ఉద్యానవర్ణనలు విస్తారముగా కలవు; మదుము ఎత్తి నీరు వదలు వాని మాట అందు అరుదు. ఈ లోటును తీవ్రముగా ఎత్తిచూపిన గిడుగు రామమూర్తిపంతులు కళింగాంధ్రమున, శ్రీకాకుళమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించుట యాదృచ్ఛికమైనను అర్థవంతమైన విషయము. వారు వ్యావహారికభాషకై చేసిన వాదము పాఠ్యగ్రంథముల శైలికి సంబంధించిన తగాదాగా చరిత్రకెక్కినది. దాని వెనుక మరియొక ఆవేదన కలదు. పనిచేయువాని మాటకు ప్రామాణ్యము లేనిచో వాని పనికిని ప్రామాణ్యము లేకపోవును.

పంతులుగారు ఈ సూత్రమును తెలుగునకు మాత్రమే పరిమితము చేయలేదు. కొండలలోని సవరల భాషను నేర్చి, 1931లో దానికి వ్యాకరణగ్రంథమును, 1938లో నిఘంటువును ప్రకటించినారు. మైదానమువారు కొండసేద్యమునంతను పోడు అను ఒక్క మాటతో చెప్పి ఊరకుందురు. అధికారపత్రములలో ఆ మాటకు అడవిని నరకుట అను నిందార్థము కూడ అంటుకొన్నది. కాని సవరలు కొండవాలును మెట్లుమెట్లుగా మలచి, రాతికట్లు కట్టి, ఊటనీటిని ఒక మడినుండి మరియొక మడికి దింపుచు వరి పండించు నేర్పరులు. పోడుపొలమున సామ, కొర్ర, జొన్న, కంది ఒక్కచోటనే ఎదుగును. కోతలు మాత్రము వేరువేరు కాలములలో వచ్చును. కొత్తపంటను దేవతకు నివేదింపక తినరాదను కట్టుబాటుతో కందికొత్తల వంటి పండుగలు జరుగును. ఒక్క మాటతో రెండు మూడు భిన్నమైన సేద్యపద్ధతులను కప్పివేయుట భాషాదోషమే కాక న్యాయదోషము కూడ. ఈ దృష్టితో సవరభాషానిఘంటువును సేద్యచరిత్రకు ఆధారముగా చదువదగును.

తెలుగు వ్యవసాయపదములకు శాస్త్రీయమైన కోశము 1962లో వచ్చినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటము వ్యవసాయమునకు సంబంధించినది. రైతుల నోటినుండి మాటలను సేకరించి, ఏ మాట ఏ ప్రాంతముననున్నదో గుర్తించి కూర్చిన ఆ గ్రంథము మన భాషాపరిశోధనలో మైలురాయి. తెలుగుదేశమును నాలుగు మాండలిక మండలములుగా విభజించుటకు ఆ సామగ్రియే మూలమైనది. అందు శ్రీకాకుళ, విశాఖపట్టణ ప్రాంతములు పూర్వమండలముగా నిలిచినవి. విజయనగరము జిల్లా అప్పటికింకను పుట్టలేదు. కావ్యప్రయోగమును పక్కనుంచి నాగలిపట్టినవానిని సాక్షిగా నిలుపుట ఆ కోశము సాధించిన విజయము.

ఐనను కోశమన్న ప్రక్రియకు సహజమైన ఒక పరిమితి కలదు. ఉదాహరణకు ఉభాలు అను మాటను తీసికొందము. గోదావరి మండలమున ఊడ్పులనియు, తెలంగాణమున నాట్లనియు చెప్పుదానిని కళింగాంధ్రమున ఉభాలందురు. నారు పీకి నాటుట అని అర్థము వ్రాసినచో కోశకారుని పని ముగియును. కాని రైతు మనస్సులో ఆ మాటకు కొన్ని నియమములు అంటియున్నవి. ఆకుమడి ఎప్పుడు పోసినారు? చెరువులో నీరెంత చేరినది? నారు ముదరకముందే దుక్కి తడిసినదా? ఆకుతీతకు, నాటుటకు మనుష్యులు దొరకుదురా? వాన ఆలస్యమైనచో నారు ముదురును. ముదిరిన నారు నాటినచో పిలకలు తగ్గును. అపుడు పల్లమున వరి నాటుటయా, ఆశవదలి మరియొక పంట చల్లుకొనుటయా అను నిర్ణయము వచ్చును. ఉభాలు అను మాట ఇట్లు ఒక పనికి పేరు మాత్రమే కాక, అయిదారు షరతులు కూడిన ఒక ముహూర్తమునకు పేరు. వ్యవసాయపదములకు అర్థముతోపాటు నియమము కలదనుట మా వాదములోని ప్రధానాంశము. అర్థమును కోశము కాపాడును. నియమమును మనుష్యులు మాత్రమే కాపాడుదురు. ఆ మనుష్యులు ఆ పని మానినపుడు కోశమున మిగులునది పేరు మాత్రమే.

తిండిమాటల విషయమున ఇది మరింత స్పష్టము. రాయలసీమలో రాగి, తెలంగాణమున తైద అను ధాన్యమును కళింగాంధ్రమున చోడి యందురు. సజ్జను గంటె యందురు. చోడిపిండితో కాచిన అంబలి ఈ ప్రాంతపు కష్టజీవికి ఉదయపు ఆహారము; వేసవిలో పొలమునకు వెంట తీసికొనిపోవు చలువ. చోడి ఇచ్చట ఒకే ఋతువు పంట కాదు. తొలకరికి పునాసగా వేయవచ్చును. సార్వాకాలమున నారుపోసి నాటవచ్చును. నీటివసతి ఉన్నచో శీతకాలమునను పండించవచ్చును. ధాన్యమునకు పురుగు త్వరగా పట్టదు గనుక ఏండ్ల తరబడి నిలువచేయవచ్చును. మంచి ఏట నిండిన పాతర చెడ్డ ఏట తెరచుకొనుట సాధ్యమైన పంట ఇది.

ఇచ్చట ఒక ఆక్షేపము రాగలదు. గతమును కీర్తించుట సులభము. చోడంబలి పేదవాని తిండి, వరియన్నము ఆత్మగౌరవపు తిండి. అంబలిని పొగడువారెవరును అంబలిమీద మాత్రమే బ్రదికినవారు కారు. ఈ ఆక్షేపము సత్యమే. 1866లో ఒరిస్సాను పీడించిన మహాక్షామము గంజాము జిల్లాకును వ్యాపించినది. అప్పటి శ్రీకాకుళము ఆ జిల్లాలోనిదే. మెట్టపంటలున్నను జనులు ఆకలికి గురియైనారు. నిచ్చెన వంటి సేద్యము ఒంటి విపత్తును తట్టుకొనును గాని, భూమి కొందరి చేతిలోను, శిస్తు దొర చేతిలోను, ధర వర్తకుని చేతిలోను ఉన్నపుడు అది మాత్రమే మనుష్యుని కాపాడజాలదు. 1983లో ఆరంభమైన రెండు రూపాయలకు కిలో బియ్యము పథకము వేలకొలది ఇండ్లలో ఆకలిని తగ్గించినది. దానిని తక్కువచేసి మాటలాడుట మా ఉద్దేశము కాదు. కాని అదే సమయమున అన్నమనగా వరియన్నమే అను భావము స్థిరపడినది. గరువుమీది చోడికి ఇంటిలోని గిరాకియు తగ్గినది. ఆకలి తీర్చిన మేలును, తిండి ఏకరూపమైన కీడును రెండింటిని ఒకే త్రాసున తూచుట పరిశోధకుని ధర్మము.

ఇక సాహిత్యమును చూతము. విజయనగరమున జీవించిన గురజాడ అప్పారావుగారు 1910లో వ్రాసిన దేశభక్తి గేయములో అందరకును తెలిసిన భాగము దేశమును మట్టితో గాక మనుష్యులతో గుర్తించు భాగము. సభలలోను, పాఠ్యపుస్తకములలోను దానికే ప్రాచుర్యము. ఆ గేయక్రమమును సావధానముగా చూచినవారికి మరియొక సంగతి తోచును. ఆ ప్రసిద్ధభావమునకు ముందే కవి పాడిపంటలను, తిండిని, తిండివలన కలుగు దేహబలమును ప్రస్తావించినాడు. దేశమును మనుష్యులతో గుర్తించినవాడు ఆ మనుష్యులు ఏమి తిని నిలుచుదురో ముందుగా విచారించినాడన్నమాట. మట్టిని నిరాకరించిన గేయముగా దీనిని చదువుట పొరపాటు. మట్టికిని మనిషికిని నడుమ వంతెనగా ఆయన పంటను నిలిపినాడు.

చాగంటి సోమయాజులుగారి కుంకుడాకు కథను విమర్శకులు వర్గవైషమ్యమునకు ఉదాహరణగా చదివినారు. ఆ పఠనము సమంజసమే. పొయ్యిలోనికి కుంకుడాకు ఏరుకొనబోయిన పేదపిల్ల దొంగగా ఎంచబడి దెబ్బలు తినును. కాని ఆ కథకు పేరైన వస్తువును ఒకసారి గమనింపుడు. రాలిన ఆకు పంట కాదు. దానికి ధర లేదు. ఏ లెక్కలోను అది ఎక్కదు. ఐనను ఆ పిల్ల ఇంట అన్నము ఉడుకుటకు అదియే ఆధారము. గ్రామసేద్యములో పంటతోపాటు రాలిన ఆకు, గట్టుమీది గడ్డి, చెరువులోని చేప, బందలోని తామరదుంప మున్నగు లెక్కకు రాని వస్తువుల వ్యవస్థ ఒకటి కలదు. భూమిలేనివారి బ్రదుకు చాలభాగము ఆ వ్యవస్థమీద నిలిచినది. పొలము యజమానికి తన హక్కు రాలిన ఆకువరకు వ్యాపించినదని తోచిన దినమున ఆ వ్యవస్థ విరిగినది. చాసో ఆ విరుగుటను ఒక పిల్ల వీపుమీది దెబ్బగా చూపినాడు. కుంకుడాకు అను మాటను ప్రాంతీయ పరిమళముగా మాత్రమే ఆఘ్రాణించినవాడు ఈ కథాసారమును కోల్పోవును.

కాళీపట్నము రామారావుగారి యజ్ఞము 1960లలో వెలువడినది. తెలుగున ఇంతటి చర్చకు గురియైన కథ అరుదు. చర్చ ఎక్కువగా ముగింపు చుట్టును తిరిగినది: తన కొడుకులు పాలేళ్లు కారాదని సీతారాముడు చేసిన శిశుహత్య న్యాయమా, ప్రతీకమా, అసహజమా? అప్పు ధర్మబద్ధమా కాదా అను ప్రశ్నయు విస్తరించినది. ఈ చర్చలో భూమి ఒక ఆస్తిగా, అప్పునకు ఈడుగా మాత్రమే గోచరించినది. మా దృష్టిలో ఆ కథలోని సుందరపాలెమునకు రెండు చరిత్రలున్నవి. ఒకటి అభివృద్ధి చరిత్ర; దానిని పెద్దలు సగర్వముగా చెప్పుకొందురు. రెండవది ఒక కుటుంబము భూమిని సంపాదించి, దానిని నిలుపుకొనలేకపోయిన చరిత్ర. అప్పల్రాముడు భూమిని అమ్ముటకు ఒప్పుకొనినపుడు అతడు కోల్పోవునది కొంత విలువగల ఆస్తి మాత్రమే కాదు. ఏ ఏట ఏమి విత్తవలెనో, ఇంట ఏమి తినవలెనో నిర్ణయించు అధికారమును అతని సంతతి కోల్పోవును. కూలివానికి వాన రాకపోయినచో పని లేదు. పని లేకపోయినచో తిండి లేదు. గరువునుండి పల్లమునకు దిగి తప్పించుకొను మార్గము వానికి మూసికొనిపోవును. సీతారాముని చర్య ఘోరము. కాని దాని వెనుకనున్న భయము నిరాధారము కాదు.

ఇంతవరకు కథలను గూర్చిన మాట. ఒక భూమిపదమునకు అర్థము నిర్ణయించుటయందు కలిగిన వివాదము కథ వెలుపల ఏ రూపము దాల్చినదో 2010లో సోంపేట చూపినది. అచ్చటి బీలభూములలో బొగ్గువిద్యుత్కేంద్రమును నిర్మింప నిశ్చయించినారు. నిర్మాణమును సమర్థించినవారికి అది పనికిరాని బంజరు. చుట్టుపట్ల రైతులకు, బెస్తలకు అది బీల: వేసవిలో పశువులకు మేత, ఏడాది పొడుగున చేప, పక్కపొలములకు నీరు. బంజరు అను మాట భూమికి శిస్తు దృష్టితో పెట్టిన పేరు. బీల అను మాట నీటి దృష్టితో పెట్టిన పేరు. 2010 జులై 14న జరిగిన పోలీసు కాల్పులలో గ్రామస్థులు ప్రాణములు కోల్పోయినారు. ఆ నెలలోనే జాతీయ పర్యావరణ అప్పిలేటు అథారిటీ ఆ కేంద్రమునకిచ్చిన పర్యావరణానుమతిని రద్దుచేసినది. 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి ప్రాంతమునను అట్టి విషాదమే సంభవించినది. కోశములో ఒక పదము సరియైన అర్థముతో ఉన్నంతమాత్రమున ఈ మరణములు ఆగియుండునని మేము చెప్పబోము. రెండు వర్గములు ఒకే నేలను రెండు పేర్లతో పిలుచుచున్నపుడు, ఏ పేరు వెనుక ఎంత జీవనమున్నదో వివరించి చెప్పగల సాక్షులు కావలెను. భాషాసాహిత్యవిభాగములు అట్టి సాక్షులు కాదగినవి.

వాతావరణపు మార్పు ఈ ఆవశ్యకతను తీవ్రతరము చేసినది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము దగ్గర తీరము దాటుచు శ్రీకాకుళమును తాకినది. 2014లో అదే అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమును, విజయనగరమును కుదిపినది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతమున తీరము దాటినది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్టణము చేరువకు వచ్చినది. తుపానులు ఈ తీరమునకు కొత్త కావు. కాని వేడెక్కిన సముద్రము వానిని బలపరచుచున్నదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. స్వర్ణ, శ్రీకాకుళము సన్నాలు మున్నగు దీర్ఘకాలపు వరిరకములు అక్టోబరు నడుమ పొట్టమీదనో, ఈనికమీదనో, పాలుపోసికొనుచునో ఉండును. గాలికి చేను పడిపోయినచో తాలు మిగులును. ఊరంతయు ఒకే రకము, ఒకే కాలమున నాటినపుడు ఒక్క రాత్రి గాలి ఊరంతటి సంవత్సరమును తుడిచిపెట్టగలదు.

ఉద్దానమునకు తగిలిన దెబ్బ మరింత దీర్ఘమైనది. ఉద్యానశబ్దమునుండి పుట్టినదని చెప్పబడు పేరుగల ఆ సీమలో, కవిటి మొదలు వజ్రపుకొత్తూరు వరకు కొబ్బరి, జీడి, పనస తోటలు జీవనాధారములు. తిత్లీ గాలికి కొబ్బరి, జీడి పెద్దయెత్తున కూలినవి. వరి పోయినచో మరుసటి ఏటికి ఆశ కలదు. కొబ్బరి పోయినచో మరల కాపు చూచుటకు ఆరేడేండ్లు పట్టును. ఆ నడుమకాలమున ఇల్లు గడచుటెట్లు? వలస అను మాట కళింగాంధ్రమున ఊళ్ల పేర్లకు చివర కనబడును: చిట్టివలస, మద్దువలస. ఒకనాడు వచ్చి స్థిరపడినవారిని సూచించిన ఆ మాట నేడు విడిచిపోవువారిని సూచించుచున్నది. ఒక పదము అర్థదిశ మార్చుకొనుటను ఇంతకన్న విషాదకరముగా చూపు ఉదాహరణము మాకు తోచలేదు.

ఇటీవల ఈ సీమలోనే కొన్ని మంచిప్రయత్నములు జరుగుచున్నవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వసంస్థయైన రైతు సాధికార సంస్థ 2016 నుండి ప్రకృతి వ్యవసాయమును వ్యాప్తిచేయుచున్నది. తొలకరికి ముందే పొడినేలలో పలువిధములైన విత్తనములను కలిపి చల్లుట అందొక పద్ధతి. కొండపొలమున సామ, కొర్ర, కంది కలిపి వేయు సంప్రదాయమునకు ఇది దూరపు చుట్టము. విజయనగరములోని వ్యవసాయ పరిశోధనస్థానము చోడిలో మేలురకములను రూపొందించినది; వానిలో ఒకదానికి వేగవతియని ఈ సీమ నదిపేరే పెట్టినారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ఇవి సంతోషింపదగిన విషయములు.

కాని విమర్శకుడు ఇచ్చటను భాషను పరీక్షింపవలెను. చిరుధాన్యములు, సిరిధాన్యములు అను కొత్త పేర్లు ప్రచారమునకు అనుకూలములు. అవి చోడిని, గంటెను, సామను, కొర్రను, ఊదను ఒకే సంచిలో పోయుచున్నవి. పట్టణపు కొనుగోలుదారునకు ఈ సంచి చాలును. రైతునకు చాలదు. చోడి నాటిన పెరుగును. సామ కొండవాలున చల్లిన చాలును. గంటె కోరు నేల వేరు, కాలము వేరు. వాన వారము ఆలస్యమైనచో వీనిలో దేనిని ఎన్నుకొనవలెనన్న జ్ఞానము ఆ వేరువేరు పేర్లకే అంటియున్నది. ఆరోగ్యాహారముగా పొట్లముకట్టిన చోడిపిండికి పట్టణమున ధర పెరిగి, దానిని పండించిన ఇంట అంబలి మరుగునపడినచో అది పునరుద్ధరణ కాదు. బియ్యపుసంచి చేసిన ఏకరూపతను మరియొక సంచి చేయకుండ చూచుకొనవలెను.

ఈ చర్చనుండి పరిశోధకవిద్యార్థులకు మూడు కర్తవ్యములు తేలుచున్నవి. మొదటిది, 1962 నాటి వ్యవసాయకోశమును చేతబట్టి కళింగాంధ్ర గ్రామములకు మరల పోవలెను. ఏ మాట మిగిలినదో, ఏది పోయినదో వ్రాసికొనుటతో ఆగక, ప్రతి మాటకును దాని నేల, కాలము, షరతు, దానివలన వచ్చు తిండి చేర్చి వ్రాయవలెను. స్త్రీలను తప్పక అడుగవలెను. విత్తనము దాచుట, ఆకుతీత, ఉభాలు, అంబలి కాచుట వారి పనులు, వారి మాటలు. రెండవది, తెలుగుపదములతో ఆగక సవర, జాతాపు ప్రజల భూమిపదములను వారి భాషలలోనే సేకరింపవలెను. పంతులుగారు చూపిన దారి ఎనుబది ఏండ్లకు పైగా తెరచియే యున్నది. మూడవది, కథలను మరల చదువవలెను. శ్రీకాకుళమున 1997లో రామారావుగారు నెలకొల్పిన కథానిలయమున కథాసంపద ఒక్కచోటనే లభించును. ఒక కథలో భూమి అలంకారముగా నున్నదా, ఆస్తిగా నున్నదా, లేక పనిచేయుచు తిండిపెట్టుచున్నదా అను మూడు ప్రశ్నలు వేసి చదివినచో మన కథాచరిత్రలోని తరతమములు కొంత మారవచ్చును.

ఈ ప్రమాణముతో ప్రతి కథను కొలువవలెనని మేము పట్టుపట్టుట లేదు. కథ వ్యవసాయపాఠము కాదు. కథకుడు గ్రామసేవకుడు కాడు. కాని గరువు, పల్లము, బీల అను మాటల నడుమనున్న భేదమును తెలిసి వ్రాసిన రచయిత ఎదుట, ఆ భేదము తెలియని విమర్శకుడు ఉండుట సాహిత్యమునకు నష్టము. ఆ భేదము తెలిసిన ముదుసలి రైతులు నేడును ఊళ్లలో ఉన్నారు. వారిని అడుగుటకు అనువైన కాలము చాల మిగిలిలేదు. ఈ పనిని రాబోవు ఉభాలకే ఆరంభించుట మంచిది.